చవక రోటావేటర్: ఎక్కడ తగ్గించారో తెలిసి కొనడం

నాగలి, గొర్రు, గుంటక విడివిడిగా చేసే పనిని రోటావేటర్ చాలావరకు ఒకటి రెండు సార్లలోనే ముగిస్తుంది. మెట్టలో దుక్కికి, మాగాణిలో దమ్ముకు, కోత మిషన్ వెళ్లిన మడిలో కొయ్యకాళ్లు కలియదున్నడానికి ఇప్పుడు దీన్నే వాడుతున్నారు. గిరాకీ పెరిగేసరికి అమ్మేవాళ్లూ పెరిగారు. పేరున్న కంపెనీలు ఒక వైపు. విడిభాగాలు తెప్పించి, షెడ్డులో బిగించి, రంగు కొట్టి అమ్మేవాళ్లు మరో వైపు. అయిదడుగుల యంత్రానికి ఒకచోట లక్ష పైన చెబితే, పక్క వీధిలో అదే కొలత, అదే రంగు యంత్రం పాతికవేలు తక్కువకు వస్తుంది.

ఆ పాతికవేలు ఎక్కడ తగ్గాయన్నదే ఇక్కడ అసలు విషయం. తక్కువ ధర దానంతటదే లోపం కాదు. తర్వాత మార్చుకోగలిగిన భాగాల్లో తగ్గించి ఉంటే ఆ బేరం మంచిదే కావచ్చు. మార్చలేని భాగంలో తగ్గించి ఉంటే మాత్రం ఎంత చవకైనా నష్టమే. అందుకని ముందు యంత్రాన్ని భాగాలుగా విడదీసి చూడాలి.

ట్రాక్టర్ వెనక పీటీవో (ఇంజిన్ శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసు) సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. దానికి తగిలించిన జాయింట్ షాఫ్ట్ ఆ తిరుగుడును రోటావేటర్ నడుమ ఉన్న గేర్‌బాక్సుకు చేరుస్తుంది. అక్కడ వేగం తగ్గి, దిశ మారి, పక్కనున్న గేర్ల ద్వారా గానీ చైన్ ద్వారా గానీ కిందనున్న రోటర్‌కు (బ్లేడ్లు బిగించిన పొడవాటి గొట్టానికి) శక్తి అందుతుంది. రోటర్ నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. అయిదడుగుల యంత్రానికి సాధారణంగా 36 బ్లేడ్లుంటాయి. అంటే నిమిషానికి 7,200 దెబ్బలు, గంటకు నాలుగు లక్షల పైచిలుకు. ప్రతి దెబ్బా బ్లేడు మెడ, బోల్టు రంధ్రం, ఫ్లాంజి (బ్లేడ్లు బిగించే చక్రం), దాని వెల్డింగు, బేరింగు, గేరు పన్ను, ఇలా ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ ట్రాక్టర్ దాకా వెళ్తుంది. ఈ వరుసలో ఏది బలహీనమైతే అది ముందు పోతుంది.

బ్లేడు సంగతి ముందు చూద్దాం. దీనికి రెండు గుణాలు ఒకేసారి కావాలి. మట్టిని కోసే అంచు గట్టిగా ఉండాలి, లేకపోతే త్వరగా అరిగిపోతుంది. బోల్టు పట్టే మెడ కాస్త సాగే గుణంతో ఉండాలి, లేకపోతే రాయి తగలగానే పుటుక్కున తెగుతుంది. మంచి బ్లేడ్లను బోరాన్ స్టీల్‌తో (బోరాన్ కొద్దిగా కలిపినందువల్ల వేడిచేసి చల్లార్చినప్పుడు లోపలిదాకా గట్టిపడే ఉక్కుతో) చేస్తారు. కానీ ఉక్కు మంచిదైతేనే సరిపోదు. ఎంత వేడికి కాల్చారు, దేనిలో ముంచారు, మళ్లీ ఎంత వేడిమీద సడలించారు అన్నవే బ్లేడు గుణాన్ని నిర్ణయిస్తాయి. కొలిమి దగ్గర కమ్మరి కొడవలికి పెట్టే పదునూ ఇదే పని. కర్మాగారంలో దీనికి కొలిమి ఖర్చు, సమయం, తనిఖీ కావాలి. రంగు వేసిన తర్వాత వీటిలో ఏదీ కంటికి కనబడదు. అందుకే తగ్గించేవాళ్లు ముందుగా చెయ్యి పెట్టేది ఇక్కడే.

గేరు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. గేరు పన్ను పైపొర గట్టిగా, లోపలి భాగం దెబ్బకు తట్టుకునేలా ఉండాలి. దానికి కార్బురైజింగ్ (వేడిమీద పైపొరకు కార్బన్ ఎక్కించి గట్టిపరచడం) చేస్తారు. ఇది గంటల తరబడి పట్టే పని. సమయం తగ్గిస్తే గట్టి పొర పలచగా తయారవుతుంది. కొంతకాలానికే పన్ను ముఖం మీద చిన్న చిన్న గుంతలు పడి, పెచ్చులు లేస్తాయి. ఆ పని అసలే చేయకపోతే పన్ను కత్తి అంచులా సన్నబడుతుంది. లోపలిదాకా గట్టిపడేలా చేస్తే పన్ను విరుగుతుంది.

ఇక ఆయిల్ సీలు (ఇరుసు చుట్టూ ఉండి నూనె బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు). దీని ఖరీదు చాలా తక్కువ. కానీ దమ్ము చేసేటప్పుడు రోటర్ బేరింగు పూర్తిగా బురదనీళ్లలో మునిగి తిరుగుతుంది. మామూలు ఒంటి పెదవి (ఒకే అంచు ఉన్న) సీలు వేసిన యంత్రం మెట్టలో ఏళ్ల తరబడి నడిచినా మాగాణిలో తట్టుకోలేకపోవచ్చు. దీనికి తోడు వరిగడ్డి ఒకటి. కొయ్యకాళ్ల మడిలో గడ్డి పోచలు, దారాలు, ఒక్కోసారి గోనెసంచి పీలికలు రోటర్ చివర చుట్టుకుంటాయి. చుట్టుకున్న కొద్దీ బిగుసుకుని సీలు పెదవిని కోస్తాయి. సాయంత్రం యంత్రం ఆపాక ఆ చివర చుట్టుకున్న గడ్డిని కోసి తీసే అలవాటున్న డ్రైవర్ చేతిలో చవక సీలు కూడా ఎక్కువకాలం వస్తుంది.

ఇప్పుడు వీటిని రెండు కుప్పలుగా పెడదాం. బ్లేడ్లు, బోల్టులు, సీళ్లు, బేరింగులు, జాయింట్ షాఫ్ట్ క్రాస్ బజార్లో దొరుకుతాయి. వీటిలో నాసిరకం వేసి ఉంటే తీసి మంచివి వేసుకోవచ్చు. అందుకయ్యే ఖర్చును ముందే లెక్కకట్టి ధరకు కలుపుకుని చూడండి. అప్పటికీ తేడా మిగిలితే ఆ బేరం పరవాలేదు. గేర్‌బాక్సు, పక్క గేర్ల పెట్టె, రోటర్ గొట్టం, ఫ్రేము రెండో కుప్ప. గేర్‌బాక్సు పోత పోసిన ఇనుము. అందులో బేరింగు కూర్చునే గుంత వంకరగా తొలిచి ఉంటే ఎన్ని కొత్త బేరింగులు వేసినా పోతూనే ఉంటాయి. రోటర్ గొట్టం వంగి ఉంటే లేత్ మీద సరిచేయించినా మళ్లీ మళ్లీ ఇబ్బంది పెడుతుంది.

కాబట్టి అమ్మేవాణ్ని ముందుగా అడగాల్సింది గ్యారంటీ ఎన్నేళ్లని కాదు. ‘ఈ గేర్‌బాక్సు ఎవరు చేసింది? ఇందులోని క్రౌన్, పినియన్ గేర్లు విడిగా దొరుకుతాయా? ఇప్పుడు మీ కొట్టులో ఒక జత ఉందా?’ అని అడగండి. చిన్న తయారీదారుల్లో చాలామంది గేర్‌బాక్సును బయట కొంటారు. పంజాబ్, గుజరాత్‌లలో వీటిని చేసి అమ్మే కర్మాగారాలు చాలా ఉన్నాయి. బయట కొనడం తప్పేం కాదు. ఎవరి పెట్టె అన్నది తెలిస్తే, రేపు షెడ్డు మూతబడినా గేర్లు దొరుకుతాయి. జవాబు చెప్పలేని చోట వెనుదిరగడమే మేలని నా అభిప్రాయం.

తర్వాత యంత్రం దగ్గర కాసేపు గడపాలి. ఒక ఆకురాయి వెంట తీసుకెళ్లండి. బ్లేడు అంచు మీద రంగు గీకి, ఆకురాయితో ఒకసారి నొక్కి రాయండి. గట్టిపరచిన అంచు మీద ఆకురాయి జారిపోతుంది, సన్నని గీత మాత్రం పడుతుంది. మెత్తని ఇనుమైతే ఆకురాయి కరుచుకుని రజను రాలుతుంది. ఒక్క బ్లేడు మీద చూసి ఊరుకోకండి, నాలుగైదింటి మీద చూడండి. కలగాపులగంగా వేసినవైతే తేడా చేతికే తెలుస్తుంది.

యంత్రాన్ని జాకీ మీద లేపించి రోటర్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటే గేర్లు సరిగా కూర్చోలేదు. ఒక కర్రను నేలకు ఆనించి, దాని కొస గొట్టానికి దాదాపు తగిలేలా పట్టుకుని తిప్పితే, గొట్టం వంకర ఉందో లేదో కర్రకూ గొట్టానికీ మధ్య ఎడం చెబుతుంది. ఫ్లాంజి చుట్టూ వెల్డింగు తెగకుండా సాగిందా, లేక ముక్కలు ముక్కలుగా అతికించి రంగు పూశారా చూడండి. బోల్టు తల మీద 8.8 లేదా 10.9 అనే అంకె ఉండాలి. అది బోల్టు బలాన్ని తెలిపే గుర్తు. తల నున్నగా ఉంటే అది గేటుకు బిగించే రకం. బరువు కూడా అడగండి. అయిదడుగుల యంత్రం సాధారణంగా మూడున్నర, నాలుగున్నర క్వింటాళ్ల మధ్య ఉంటుంది. పక్కదాని కంటే అరక్వింటా తేలికైతే, ఏ రేకు పలచబడిందో అడగాల్సిందే.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. 35 హెచ్‌పీ ట్రాక్టర్ కోసం చేసిన తేలిక యంత్రాన్ని 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు తగిలిస్తారు. చిన్న ట్రాక్టరైతే బరువు మీరినప్పుడు ఇంజిన్ గుంజలేక ఆగిపోతుంది. పెద్ద ట్రాక్టర్ ఆగదు. ఆ బలమంతా గేరు పళ్ల మీద పడుతుంది. అందుకే డీలరు ఏ యంత్రమైనా మీ ట్రాక్టర్‌కు సరిపోతుందంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. ట్రాక్టర్ మోడల్ పేరుతో సహా రాయించాలి.

జాయింట్ షాఫ్ట్‌లో షియర్ బోల్టు (బరువు మీరితే తానే తెగి మిగతా భాగాలను కాపాడేలా పెట్టిన మెత్తని బోల్టు) ఉంటుంది. పనిలో అది రెండుసార్లు తెగేసరికి విసుగొచ్చి, దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తారు. ఆ తర్వాత తెగేది గేరు పన్నే. అప్పుడు డీలరు ముందుగా చూసేదీ ఆ బోల్టునే. తప్పు యంత్రానిదైనా, అక్కడ గట్టి బోల్టు కనబడితే మీ వాదన సగం పోయినట్టే. షాఫ్ట్ పొడవు కూడా మీ ట్రాక్టర్‌కు కొలిచి కోయించుకోవాలి. ఎక్కువ పొడవుంటే యంత్రం లేపినప్పుడు రెండు గొట్టాలూ ఒకదాన్నొకటి నెట్టుకుని పీటీవో బేరింగును తోసేస్తాయి. తక్కువైతే పనిలో ఊడి వస్తుంది. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా మాత్రం ఇంటికి తేవద్దు. తిరిగే షాఫ్ట్‌కు తువ్వాలు కొస చుట్టుకుంటే మనిషిని లాగేయడానికి క్షణం పట్టదు.

యంత్రం ఇంటికొచ్చాక మొదట చేయాల్సింది గేర్‌బాక్సులో నూనె చూడటం. నూనె పోయకుండానే, లేదా సగమే పోసి పంపే సందర్భాలున్నాయి. మొదటి ఎనిమిది, పది గంటల పని తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించండి. కొత్త లోహం సర్దుకునేటప్పుడు అవి వదులవుతాయి. వదులైన బోల్టు రంధ్రాన్ని గుడ్డులా సాగదీస్తుంది, ఆ తర్వాత ఏ బోల్టూ అందులో నిలవదు. మొదటి నూనెను ముందుగానే మార్చేయాలి. తీసిన నూనెను తెల్లటి గిన్నెలో పట్టి వెలుతురులో చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి, అంటే సీలు పోయింది. అడుగున అయస్కాంతానికి అంటుకునే సన్నని మెరుపు పొడి ఉంటే అది మామూలే. గోటికి తగిలేంత రేకులుంటే గేరు పైపొర లేచిపోతోందని అర్థం. ఈ దశలో పట్టుకుంటే గేరు పూర్తిగా పోకముందే డీలరు దగ్గరికి వెళ్లవచ్చు.

లోపం బయటపడగానే డీలరు చెప్పే మాట దాదాపు అన్నిచోట్లా ఒకటే: ‘మీరు రాళ్లల్లో నడిపారు.’ ఒక్కోసారి అది నిజమే. రాయలసీమ ఎర్రనేలల్లో, తెలంగాణ చెలకల్లో రాయి తగలకుండా దున్నడం కష్టం. కాబట్టి లోపం ఎవరిదో ముందు మనమే తేల్చుకోవాలి. విరిగిన భాగమే చాలావరకు చెబుతుంది. బ్లేడ్లు రాయి లేని నల్లరేగడిలోనే వంగితే ఇనుము మెత్తన. ఒకే పొలంలో కొన్ని సగానికి అరిగి, పక్కవి కొత్తవాటిలా ఉంటే పదును ఒకేలా పెట్టలేదు. విరిగిన ముఖం అంతటా ఒకేలా, ఉప్పుపరల్లా మెరుస్తుంటే ఒక్క దెబ్బకే విరిగింది. అది రాయి కావచ్చు, పెళుసుతనం కావచ్చు. ముఖంలో కొంత భాగం నున్నగా నల్లబడి, మిగతాది కొత్తగా గరుకుగా ఉంటే కథ వేరు. పగులు ఎప్పుడో మొదలై, రోజురోజుకూ పాకి, చివరికి విరిగింది. ఆ నల్లని భాగం వెల్డింగు అంచు దగ్గర మొదలైతే అనుమానం తయారీ మీదికే వెళ్తుంది.

అయితే ఇది తీరిక రోజుల్లో తేల్చుకునే పని కాదు. నాట్లకు కూలీలను మాట్లాడుకున్నాక, కాలువ నీళ్లు వచ్చాక యంత్రాన్ని ఆపి కూర్చోలేం. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లడం సహజం. అయితే వెల్డింగు పడిన మరుక్షణం ఆ విరిగిన ముఖం చెప్పే సాక్ష్యం పోతుంది. అందుకని ముందు దగ్గరి నుంచి, పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. యంత్రం నంబరు ప్లేటు, ట్రాక్టర్ గంటల మీటరు కూడా ఫొటోలో రావాలి. డీలరుకు వాట్సాప్‌లో పంపి, ‘ఫలానా తేదీన, ఇన్ని గంటలు నడిచాక, ఈ భాగం విరిగింది. రెండు రోజుల్లో మీ మెకానిక్ రాకపోతే పని ఆగకుండా వేరే భాగం వేసుకుంటాను. పాతది భద్రపరుస్తున్నాను’ అని రాయండి. వీలైతే అతికించకండి, కొత్త భాగం వేసి పాతది దాచండి. డీలరు పాత భాగాన్ని కంపెనీకి పంపుతానని అడిగితే రసీదు తీసుకున్నాకే ఇవ్వండి.

వారంటీ కాగితంలో ఒక మెలిక ఉంటుంది. బ్లేడ్లు, సీళ్లు, బేరింగులు, బోల్టులు అరిగే భాగాలు కాబట్టి వాటికి వారంటీ వర్తించదని రాస్తారు. చవక యంత్రంలో ముందుగా పోయేవి సరిగ్గా అవే. అరుగుదలకు ఆ మినహాయింపు సబబే. మొదటి రోజే వంగిన బ్లేడు అరిగిన బ్లేడు కాదు, అది లోపమున్న సరుకు. ఫిర్యాదులో ఈ తేడా స్పష్టంగా రాయాలి.

ఇక బిల్లు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామన్న మాట అందరూ వినే ఉంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దుక్కి యంత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. లక్ష రూపాయల యంత్రం మీద పన్ను 12 వేలు ఉండేది 5 వేలైంది. అంటే బిల్లు వద్దనుకుంటే మిగిలేది మహా అయితే ఆ 5 వేలే. దాని కోసం వారంటీనీ, ఫిర్యాదు చేసే హక్కునీ నిరూపించే ఆధారాన్ని వదులుకోవడం ఏ లెక్కలోనూ సరిపడదు.

సబ్సిడీలో కొనేవాళ్లకు మరో ఆధారం ఉంది. కేంద్రం నడిపే వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద సబ్సిడీ పొందే మోడళ్లకు ప్రభుత్వ పరీక్షా నివేదిక అవసరం. ఇలాంటి పరీక్షలు చేసే కేంద్ర సంస్థల్లో ఒకటి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. బ్లేడు గట్టిదనం, పొలంలో అరిగిన తీరు, పరీక్షలో వచ్చిన లోపాలు ఆ నివేదికలో ఉంటాయి. నగదుకు కొనేవాళ్లూ దాన్ని డీలరును అడగవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్షించింది ఆ మోడల్‌లో ఒక యంత్రాన్ని, మీ చేతికొచ్చిన యంత్రాన్ని కాదు. సబ్సిడీ ధర ఎంతో, సబ్సిడీ లేకుండా నగదు ధర ఎంతో రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడటం కూడా మంచిది.

డీలరు కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. వ్యాపారం కోసం కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదు. కానీ స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొని వాడుకుంటే అది వ్యాపారం కిందికి రాదని చట్టమే చెబుతోంది. సొంత పొలం దున్నుకునే రైతుకు చిక్కులేదు. తానే నడుపుతూ కిరాయికి పోయేవాడు ఆ సంగతిని ఫిర్యాదులోనే రాయాలి. డ్రైవర్లను పెట్టి నాలుగైదు యంత్రాలు తిప్పేవాళ్లకు మాత్రం వాదన కష్టం. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించవచ్చు. ఖర్చులేదు, కొన్ని వ్యవహారాలు అక్కడే తెములుతాయి. తెమలకపోతే డీలరుకూ తయారీదారుకూ స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. యంత్రం ఏ ఊళ్లో కొన్నా మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. తయారీదారు ఎవరో తెలియని షెడ్డు యంత్రమైతే బాధ్యత అమ్మినవాడి మీదే పడుతుంది.

లోపం పరీక్షిస్తే గానీ తేలదనుకుంటే కమిషన్ ఆ భాగాన్ని ప్రయోగశాలకు పంపగలదు. 2012లో, లోపమున్న విత్తనాల గురించి ఆంధ్రప్రదేశ్ రైతులు చేసిన ఫిర్యాదుల మీద వచ్చిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, రైతు విత్తనమంతా చల్లుకుంటాడు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించలేమని చెప్పింది. యంత్రం కొన్నవాడికి ఆ వెసులుబాటు దొరకదు. విత్తనం మట్టిలో కలిసిపోతుంది, విరిగిన గేరు కలవదు. కమిషన్ దాన్ని చూపించమంటుంది. లోపం రుజువైతే సరిచేసి ఇవ్వమని గానీ, కొత్తది ఇవ్వమని గానీ, సొమ్ము వాపసు చేయమని గానీ ఆదేశించవచ్చు. పని ఆగిన నష్టానికి పరిహారం కూడా అడగవచ్చు. దానికి ఆ రోజుల్లో మరొకరి యంత్రానికి చెల్లించిన కిరాయి రసీదులు కావాలి. మన ఊళ్లలో కిరాయికి ఎవరూ రసీదు ఇవ్వరు. కనీసం ఆ సొమ్మును ఫోన్‌పేలోనో బ్యాంకు ఖాతాలోనో పంపి, ఎందుకు పంపారో అక్కడే ఒక ముక్క రాసి పెట్టుకోవాలి.